ఐసు ఫ్యాక్టరీలో అడవి ఉల్లి

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక జబ్బు ఉండేది. ఎవరైనా సంచి పట్టుకుని నా ఎదుటి నుంచి వెళితే అందులో ఏముందోనని మనసు పీకేది. ఊరికే వచ్చిన జబ్బు కాదు. నా మొదటి పోస్టింగులో, విత్తనాల గోడౌను తాళం నా దగ్గర ఉండగానే, రెండు బస్తాల పత్తి గింజలు మాయమయ్యాయి. తీసిందెవరో ఈ రోజుకీ తెలియదు. మెమో మాత్రం నాకు వచ్చింది. సంజాయిషీ రాసుకుని, పైఅధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఎలాగో బయటపడ్డాను. ఆ తర్వాత గుంటూరు శివారులోని వ్యవసాయ ఫారానికి బదిలీ మీద వచ్చేటప్పటికి నా వయసు ఇరవై ఏడు, నా అనుమానం వయసు ఒక ఏడాది.

కొత్తగా వ్యవసాయ శాఖలో చేరిన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, మిరప తెగులు గురించో పత్తి పురుగు గురించో చెబుతానని ఆశపడకండి. ఆ రెండింటి మీదే నా సర్వీసంతా గడిచింది కానీ, వాటిలో నేను ఎవరికీ అన్యాయం చేయలేదు. నేను అన్యాయం చేసింది ఒక పూలమొక్క దగ్గర.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. మా సూపరింటెండెంటు గారికి పూలంటే పిచ్చి. ఏటా చలికాలం చివర్లో గుంటూరులో పూల ప్రదర్శన జరిగేది. ప్లీడర్లూ డాక్టర్లూ తమ కుండీలు రిక్షాల్లో తెచ్చి పెట్టేవాళ్ళు. మొదటి బహుమతి ఎప్పుడూ బ్రాడీపేటలో బంగళా ఉన్న ఒక ఐసు ఫ్యాక్టరీ యజమానికే. మా సూపరింటెండెంటు గారికి వరసగా మూడేళ్ళు రెండోదే. వ్యవసాయం నేర్పే ఫారం పెట్టుకుని ఐసు అమ్ముకునేవాడి చేతిలో ఓడిపోతున్నామే అని ఆయన బాధ.

ఆయనతో కాలేజీలో చదివిన స్నేహితుడు ఒకాయన ఉత్తరాన మంచుకొండల దాపున ఏదో ప్రభుత్వ తోటలో ఆఫీసరు. ఆయన ఒకసారి చెక్కపెట్టెలో అరవై గడ్డలు పంపించాడు. చూడటానికి మన నీరుల్లిపాయల కంటే చిన్నవి, పైపొర గోధుమరంగు, నలిపితే ఉల్లి వాసన. అది కొండరాళ్ళ మధ్య తనంతట తాను పెరిగే అడవి ఉల్లి అనీ, తినడానికి కాక పూల కోసం పెంచుతారనీ, మోకాలెత్తు కాడ చివర బత్తాయి అంత గుండ్రటి ఊదారంగు పూబంతి వస్తుందనీ పెట్టెలో ఒక కాగితం పెట్టాడు. రాళ్ళనేల కావాలి, నీరు నిలవకూడదు, ఆకు పండాక చుక్క నీరు కూడా పోయవద్దు అని కూడా అందులో ఉంది. నేను ఆ కాగితం చదివాను. చదివి ఫైల్లో పెట్టాను. ఉల్లి గురించి నాకు ఎవరో కొండమీద నుంచి చెప్పాలా అనుకున్నాను.

నల్లరేగడి మడిలో నాటించి, ఉల్లితోటకి పెట్టినట్టే నాలుగు రోజులకోసారి తడి పెట్టించాను. ఆ మడి చూసేది మా తోటమాలి. చీరాల నేతపనివాళ్ళ కుటుంబం. పదిహేనేళ్ళు మగ్గం గుంటలో కూర్చున్నాక మోకాళ్ళు మొరాయించడంతో ఆ పని మాని, ఫారంలో టెంపరరీ మాలీగా చేరాడు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఎక్కువ మాట్లాడడు. మాట్లాడని మనిషిని చూస్తే నాకు అనుమానం ఇంకా ఎక్కువ. తొమ్మిదేళ్ళ సర్వీసు ఉందనీ, ఆ ఏడు పర్మినెంటు చేస్తారనీ అనుకునేవాళ్ళు.

అతను రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, వేళ్ళ దగ్గర మెత్తబడుతోందనీ నీళ్ళు మానేద్దామా అనీ అడిగాడు. ఉల్లికి నీళ్ళు మానేస్తారా ఎక్కడైనా అని నేను రెండుసార్లూ కసిరాను. వేసవి వచ్చేసరికి సగం గడ్డలు కుళ్ళి కంపు కొట్టాయి. ఒక్కటీ పూయలేదు. తవ్వితే గట్టిగా మిగిలినవి ముప్ఫై ఒకటి. అప్పుడు ఫైలు తీసి ఆ కాగితం మళ్ళీ చదువుకున్నాను. వచ్చే ఏటికి పిడుగురాళ్ళ నుంచి సున్నపురాయి ముక్కలు తెప్పించి, ఎత్తు మడి కట్టి, రాళ్ళలో నాటాలని నిర్ణయించుకున్నాను. ఆ ఆలోచన నాదేనని చాలా గర్వంగా ఉండేది.

మిగిలిన గడ్డల్ని చెక్కపళ్ళెంలో ఆరబోసి స్టోరుగదిలో గాలి ఆడే చోట పెట్టించాను. స్టోరు గుమాస్తాకీ నాకూ జత బాగా కుదిరింది. నాది ఒక ఏడాది అనుమానమైతే ఆయనది పాతికేళ్ళ అనుమానం. పారలు, కత్తెర్లు తీసుకోవడానికి వచ్చేవాళ్ళందరినీ కళ్ళద్దాల పైనుంచి చూసేవాడు. సెప్టెంబరులో ఒక రోజు నేను పళ్ళెం చూస్తే అందులో పంతొమ్మిదే ఉన్నాయి.

నాకు పాత మెమో కళ్ళముందు ఆడింది. గుమాస్తా నేనూ కూర్చుని ఎవరెవరు లోపలికి వస్తారో చెప్పుకున్నాం. ఆ నెలలో నీరుల్లి ధర మండిపోతోంది కాబట్టి, కూలికి వచ్చే ఆడవాళ్ళు పులుసులోకి పట్టుకెళ్ళారని ఆయన తేల్చాడు. మధ్యాహ్నం వాళ్ళు చెట్టు కింద అన్నాలకి కూర్చున్నప్పుడు నేను మధ్యలోంచి నడుస్తూ గిన్నెల్లోకి తొంగి చూశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వాళ్ళలో పెద్దావిడ ముద్ద చేతిలో పట్టుకునే నా వైపు చూసింది.

"ఏంటయ్యా ఎతుకుతున్నారు? ఆ గడ్డలేనా? మా గట్ల మీద నక్కవుల్లి మొలుస్తది, గొడ్డు కూడా మూతి పెట్టదు. ఇదీ దాని చుట్టమే అనుకుంటన్నాం మేం. తింటే ఏమవుద్దో మీకూ తెలవదు, మాకూ తెలవదు. తిని చూడమంటారా?"

అందరూ నవ్వారు. నేను గదిలోకి వచ్చి కూర్చున్నాను. నవ్వని వాడు ఒక్కడే, మాలి. దూరంగా మడి అంచున కూర్చుని అన్నం సంచి మడుచుకుంటున్నాడు. నా అనుమానం అక్కడ వాలింది.

తర్వాతి ఆదివారం పొద్దున అతను ఉండే పాత గుంటూరు సందు చివర సైకిలు ఆపుకుని కాపు కాశాను. తొమ్మిదింటికి చేతిసంచితో బయల్దేరాడు. దూరం నుంచి వెంబడించాను. ఎక్కడికి వెళ్ళాడనుకున్నారు? ఆ బహుమతుల పెద్దమనిషి ఐసు ఫ్యాక్టరీకి. గేటు దగ్గర ఒక ఫోరుమను బయటికి వచ్చాడు. మాలి సంచిలోంచి గుడ్డమూట తీసి ఇచ్చాడు. ఫోరుమను దాన్ని విప్పి చూసి, నవ్వి, లోపలికి పట్టుకెళ్ళి, కాసేపటికి వచ్చి ఒక మడిచిన కాగితం ఇచ్చాడు. మాలి దాన్ని నడుముకి దోపుకున్నాడు.

ఇంక చూడాల్సిందేముంది? మా గడ్డలు మా శత్రువు కుండీల్లోకి వెళుతున్నాయి. సైకిలు ఎంత జోరుగా తొక్కానో నాకు ఇప్పటికీ గుర్తుంది. అది కోపం కాదు, ఆనందం. పత్తి గింజల దొంగ దొరకలేదు, ఇతనైనా దొరికాడు.

సోమవారం పొద్దున రిపోర్టు రాశాను. పన్నెండు గడ్డలు పోయాయనీ, సదరు మాలి వాటిని బయటి వ్యక్తికి అమ్ముతుండగా నేను కళ్ళారా చూశాననీ రాసి సంతకం పెట్టాను. ఇవ్వడం చూశాను. అమ్మడం చూడలేదు. ఆ రెండు మాటలకీ మధ్య ఉన్న దూరం రాసేటప్పుడు నాకు తెలుసు.

సూపరింటెండెంటు గారు మాలీని గదిలోకి పిలిపించి, నా రిపోర్టు చదివి వినిపించారు. అతను చివరిదాకా విన్నాడు. పది గడ్డలు ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాయని ఒప్పుకున్నాడు. అక్కడ ఫోరుమను తన బావమరిది అనీ, ఐసు దిమ్మలు ఉంచే గది పక్కన నీళ్ళు గడ్డ కట్టని చల్లటి వసారా ఉందనీ, అక్కడ ఇసకలో పెట్టించాననీ చెప్పాడు. నడుముకి దోపుకున్న కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఏ రోజు ఎన్ని లోపల పెట్టిందీ తారీఖులు రాసిన చీటీ అది.

"ఐసులో ఎందుకయ్యా?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"అవి మంచులోంచి వచ్చిన గడ్డలు కదండీ. చలి తగలకపోతే ఏడాది తిరిగినట్టు వాటికి తెలవదేమో అనిపించింది."

"చెప్పి తీసుకెళ్ళొచ్చుగా?"

అతను నా వైపు ఒకసారి చూశాడు. "నీళ్ళు మానేద్దామని రెండుసార్లు అడిగానండి" అన్నాడు. అంతే.

సూపరింటెండెంటు గారు తెలివైన మనిషి. వెంటనే మనిషిని పంపించి ఆ పది గడ్డలూ తెప్పించి చూశారు. గట్టిగా, బరువుగా ఉన్నాయి. ఆయన కళ్ళు మెరిశాయి. ఆ పదీ తిరిగి పంపించమని, స్టోరులో మిగిలిన పంతొమ్మిదీ కూడా అక్కడికే చేర్చమని, ఫ్యాక్టరీ యజమానికి తాను చెప్పుకుంటాననీ నాతో అన్నారు. ఆ తర్వాత మాలి వైపు తిరిగి, పోయినవి పన్నెండు, మరి మిగతా రెండూ ఏవని అడిగారు.

మాలి మాట్లాడలేదు. మళ్ళీ అడిగారు. తల వంచుకుని నిలబడ్డాడు. గుమాస్తా నా పక్కన గొంతు సవరించుకున్నాడు. చూశావా అన్నట్టు.

ఆ మౌనమే అతన్ని ముంచింది. అతని ఆలోచన ఫారానికి ఉంచుకున్నారు. అతన్ని మాత్రం పనిలోంచి తీసేశారు. సాయంత్రం పారా, కత్తెరా స్టోరులో అప్పజెప్పి వెళ్ళిపోయాడు. మూడు రోజులకి పాత గుంటూరు గది కూడా ఖాళీ చేసి చీరాల వెళ్ళాడని తెలిసింది.

నవంబరు చివర్లో, చలి మొదలయ్యాక, ఇరవై తొమ్మిది గడ్డల్నీ పిడుగురాళ్ళ రాళ్ళు కలిపిన ఎత్తు మడిలో నాటించాను. గడ్డ ఎంత ఎత్తుంటే దానికి మూడింతల లోతున. నీళ్ళు ఈసారి పిసినారిలా పోయించాను. ఫిబ్రవరిలో కాడలు లేచాయి. పూబంతులు విచ్చుకున్న రోజున పొలం పని మానుకుని కూలీలు కూడా వచ్చి చూశారు. ఒక్కో బంతిలో వందల చిన్న నక్షత్రాలు. మిరపచేల మీదుగా వచ్చిన తేనెటీగలు వాటి చుట్టూ ఝుమ్మంటూ తిరిగాయి. ప్రదర్శనలో మొదటి బహుమతి మాకే. ఐసు ఫ్యాక్టరీ యజమాని వచ్చి మా సూపరింటెండెంటు గారి చెయ్యి పట్టుకుని మనస్ఫూర్తిగా అభినందించాడు. ఆయన మంచివాడు. ఆయన మీద కూడా నేను అనవసరంగా అనుమానపడ్డాను.

ఈ అడవి ఉల్లిని మైదానంలో పూయించిన విధానం గురించి ఒక వ్యాసం రాయమని సూపరింటెండెంటు గారు నాకు పురమాయించారు. రాశాను. నాలుగు పేజీల్లో మూడు పేజీలు నా సున్నపురాళ్ళ గురించే. చలి సంగతి ఒక్క పేరా. మాలి సంగతి లేనేలేదు.

వారం తిరగకుండానే గడ్డలు పంపిన మంచుకొండల ఆఫీసరు మద్రాసు వెళుతూ గుంటూరులో దిగాడు. మడి దగ్గర అరగంట సేపు ఒక్కో కాడనీ చూస్తూ తిరిగాడు. నా వ్యాసం నిలబడే చదివాడు. చదివి ఒకే ప్రశ్న వేశాడు. పూయించింది రాళ్ళా, చలా? అదే రాళ్ళ మడిలో, చలి చూపించని గడ్డ ఒక్కటైనా నాటారా?

సూపరింటెండెంటు గారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. నాటలేదు. అన్నిటినీ ఐసులోకి తోలేశాం. రాళ్ళూ చలీ రెండూ ఒకే ఏడాది పెట్టాం కాబట్టి, దేనివల్ల పూసిందో మేం చెప్పలేం. ఆయన నొచ్చుకోకుండానే, అయితే మీకు పూలు వచ్చాయి కానీ సంగతి ఇంకా తెలియదన్నమాట, అని కాగితాలు నా చేతిలో పెట్టాడు.

ఆ ఆదివారం చీరాల పాసింజరు ఎక్కాను. క్షమాపణ అడగడానికి వెళ్ళానని చెబితే సగమే నిజం. ఆ రెండు గడ్డలూ ఏం చేశాడో చూద్దామని కూడా వెళ్ళాను. అప్పటికీ నా జబ్బు తగ్గలేదు.

ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి మగ్గం చప్పుడు వీధిలోకే వినిపిస్తోంది. మాలి గుంటలో కూర్చుని నేస్తున్నాడు. భార్య పక్కన కండెలు చుడుతోంది. నన్ను చూసి గుంటలోంచి లేవడానికి అతనికి చాలాసేపు పట్టింది. రెండు చేతులూ నేలకి ఆన్చి, ఒక మోకాలు పైకి తెచ్చుకుని, ఆగి, రెండోది తెచ్చుకున్నాడు. ఆ కాసేపూ నేను ఎటు చూడాలో తెలియక గోడ వైపు చూశాను.

మంచినీళ్ళు ఇచ్చారు. అతను ముందు అడిగింది ఒకటే, పూశాయా అని. ఇరవై తొమ్మిదిలో ఇరవై ఒకటి పూశాయని చెప్పాను. రంగు అడిగాడు, కాడ ఎత్తు అడిగాడు. చెప్పాను. భార్య వైపు తిరిగి, విన్నావా అన్నట్టు తల ఊపాడు. అప్పుడు నేను ఆ రెండిటి సంగతి అడిగాను.

పెరట్లోకి తీసుకెళ్ళాడు. గోడవార మట్టికుండ ఉంది. అందులో సున్నపురాళ్ళు. ఫారంలో మడి కోసం దింపిన కుప్పలోంచి గుప్పెడు తెచ్చుకున్నాడన్నమాట. ఆ రాళ్ళలోంచి ఆకులు నిగనిగలాడుతూ దట్టంగా లేచి ఉన్నాయి. వంగి ఆకుల మధ్య వేలుపెట్టి వెతికాను. కాడ లేదు. రెండిట్లోనూ లేదు.

"వీటికి ఐసు చూపించలేదండి" అన్నాడు. "పదీ పూసి, ఇవి పూయకపోతే అప్పుడు చలి వల్లనే అని తెలుస్తది. ఇవీ పూస్తే నేను అనుకుంది తప్పని తెలుస్తది."

"ఆ రోజు అడిగితే చెప్పలేదేం?"

"చెబితే వీటిని కూడా ఐసులోకి పంపించేవోరు కదండీ. నా ముందే కదా అన్నీ పంపించమన్నారు. రెండన్నా బయట ఉండాలిగా."

వ్యవసాయ కాలేజీలో నేను నాలుగేళ్ళు చదివాను. పక్కన పోలికకి ఒక మడి ఉంచుకోవాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పని చేసిన వాడు ఉద్యోగం పోగొట్టుకుని, మోకాళ్ళ నొప్పితో మగ్గం గుంటలో కూర్చున్నాడు. నా మూడు పేజీల రాళ్ళు ఆ కుండలో నా ముందే ఉన్నాయి, పువ్వు లేకుండా.

"నువ్వు అమ్ముతుండగా చూశానని రాశాను" అన్నాను.

"తెలుసండి. చదివి వినిపించారుగా."

"అమ్మడం చూడలేదు."

"అదీ తెలుసండి" అన్నాడు.

నేను మరునాడే వెళ్ళి నిజం రాసిచ్చానని మీరు అనుకుంటే బాగుంటుంది. రెండు రోజులు ఆలోచించాను. మొదటి మెమో ఉండగా రెండోది ఫైల్లో పడితే ఏమవుతుందో నాకు తెలుసు. మూడో రోజు కాగితం తీసుకుని సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను. నా రిపోర్టులో అమ్ముతుండగా అన్న మాట నా ఊహే తప్ప నేను చూసింది కాదని అందులో ఉంది. ఆయన చదివి, సంతకం లేని ఆ కాగితాన్ని నా వైపు జరిపారు.

"సంతకం పెడితే ఇది నీ ఫైల్లోకి వెళ్తుందోయ్. పెట్టకపోతే నేను చూడలేదనుకుంటాను."

పెట్టాను. దాని ఫలితం నా ప్రమోషను విషయంలో తర్వాత అనుభవించాను. ఆ వివరాలు మీకెందుకు. సూపరింటెండెంటు గారు మాత్రం ఆ కాగితాన్ని పక్కన పడేయలేదు. నెల తిరక్కుండా మాలీకి పిలుపు వెళ్ళింది. పర్మినెంటు అవడానికి మరో ఏడాది పట్టింది. వ్యాసం మళ్ళీ రాశాను, ఈసారి కుండ గురించి, దాన్ని పెట్టిన మనిషి గురించీ. మంచుకొండల ఆఫీసరు జవాబు రాస్తూ, రెండు గడ్డలు బయట ఉంచిన ఆయనకి నా నమస్కారం చెప్పండి అన్నాడు. ఆ మాట మాలి నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

ఇక్కడితో అయిపోతే ఇది మంచి కథ అయ్యేది.

తిరిగి చేరిన మొదటి రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు అతను నా గదిలోకి వచ్చాడు. బల్ల ముందు నిలబడి, అన్నం సంచి తలకిందులు చేసి దులిపాడు. ఖాళీ గిన్నె ఒకటి నేల మీద దొర్లింది. దాన్ని తీసి సంచిలో పెట్టుకుని, భుజం మీది తువ్వాలు విప్పి రెండు వైపులా చూపించి, నమస్కారం పెట్టి వెళ్ళాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అవసరం లేదని చెప్పాను. బతిమాలాను. ఒకసారి కోప్పడ్డాను కూడా. వెటకారం చేస్తున్నాడా అని అతని మొహంలోకి చూసేవాణ్ణి. అలాంటిదేమీ లేదు.

"మీ కోసం కాదండి" అన్నాడు ఒకరోజు. "ఇట్టా చేసి వెళితే ఇంటికాడ నాకు నిద్ర పడుతుంది."

ఆరేళ్ళు అలాగే చేశాడు. ఆ ఆరేళ్ళలో నేను అతని సంచి వైపు ఒక్కసారి కూడా తలెత్తి చూడలేకపోయాను. అడవి ఉల్లి ఏటా పూసేది. దుంప పెట్టి పిల్లలు వేసి రెండు వందల గడ్డలయ్యాయి. మడి దగ్గర ఇద్దరం పక్కపక్కనే కూర్చుని కలుపు తీసేవాళ్ళం, మాట్లాడుకునేవాళ్ళం, అతని కూతురి పెళ్ళికి వెళ్ళి వచ్చాను. అయినా సాయంత్రమయ్యేసరికి సంచి దులపడం మానలేదు.

నాకు ఒంగోలు వైపు బదిలీ అయిన రోజున నా స్థానంలో చేరడానికి ఒక కుర్రాఫీసరు వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త పెన్ను, చురుకైన కళ్ళు. తాళాలు అప్పజెబుతుండగా మాలి వచ్చి, ఎప్పటిలాగే సంచి దులిపి, తువ్వాలు చూపించి, ఈసారి ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్ళాడు. కుర్రాఫీసరు అతను గేటు దాటేదాకా చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎందుకు సార్ అలా చేస్తున్నాడు? ఇదివరకు ఏమైనా దొంగతనం చేశాడా?"

నా సామాను అప్పటికే రిక్షాలో ఉంది. రిక్షావాడిని కాసేపు ఆగమని చెప్పి, తలుపు దగ్గరికి వేసి, ఆ అబ్బాయిని నా కుర్చీలో కూర్చోబెట్టి ఇదంతా మొదటి నుంచి చెప్పాను. ఒంగోలు రైలు తప్పిపోయింది.